ఇంటిలోనే ధ్వనిముద్రణము

దంపుళ్ళ పాటలు, లాలిపాటలు కంఠస్థముగా గల వృద్ధులు మన యూళ్ళలో నానాటికి తగ్గిపోవుచున్నారు. వారితోపాటు పాటయు పోవును. 1877లో ఎడిసను ఫోనోగ్రాఫును నిర్మించినది మొదలు కంఠధ్వనిని నిలుపుకొనుట సాధ్యమైనది. నేడు మన చేతనున్న సెల్‌ఫోనే యా పని చేయగలదు.

పరికరముకన్న ముందు చూడవలసినది గది. వట్టి గోడలు ధ్వనిని మరల్చికొట్టును. మాట మాఱుమ్రోగి యస్పష్టమగును. కావున చిన్నగదిలో గోడలకు బొంతలు వ్రేలాడదీసి, నేలపై పరుపు వేయుడు. దూది ధ్వనిని పీల్చుకొనును. పంకా నాపుడు, కిటికీలు మూయుడు. ఫోనునైనను మైకునైనను నోటికి జానెడు దూరమున ఒకింత ప్రక్కగా నుంచుడు. పలుచని గుడ్డను తీగచట్రమునకు బిగించి నడుమ నిలిపినచో ‘ప’, ‘భ’ మొదలగు నక్షరముల యూపిరి దెబ్బ తగులదు. ధనము మిగిలినచో మంచి మైకునకే వెచ్చింపుడు.

మొదట అరనిమిషము ముద్రించి విని, పిదప నారంభింపుడు. పాడువారి పేరు, ఊరు, తేది వారి నోటనే చెప్పింపుడు. ప్రతులు రెండుచోట్ల దాచుడు. ఒకటి చెడినను రెండవది మిగులును.

పరికరమును వచ్చే యేడు కొనవచ్చును. పాడు కంఠము వచ్చే యేటికి నిలుచునని యెవరు చెప్పగలరు?