గుల్లలో గడ్డిపోచ

ఆస్ట్రేలియా చెవి, ముక్కు, గొంతు సర్జన్ గ్రేమ్ క్లార్క్ తండ్రికి చెవుడు. ఆయనది కేమ్డెన్ ఊళ్లో మందుల షాపు. తండ్రి అవస్థ చూస్తూ పెరిగిన క్లార్క్, మెల్‌బోర్న్‌లో నడుస్తున్న ప్రాక్టీసు వదులుకుని, చెవిటివారికి వినికిడినిచ్చే పరికరం కోసం పరిశోధనకు దిగారు.

నత్తగుల్లలా మెలితిరిగిన లోపలి చెవిలోకి ఎలక్ట్రోడ్ల తీగ ఎక్కించడమెలా? ఏళ్ల తరబడి ఇదే చిక్కు. 1977లో సముద్రపు ఒడ్డున కూర్చుని, ఒక గుల్లలోకి గడ్డిపోచ దూర్చి చూశారు. కొన మెత్తగా, మొదలు బిరుసుగా ఉన్న పోచ సుడి వెంబడే లోపలికి జారిపోయింది. నాకైతే ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో తొలి రోగికి ఆయన తన పరికరాన్ని, అంటే కాక్లియర్ ఇంప్లాంట్‌ను, అమర్చారు.

మన ఆరోగ్యశ్రీలోనూ పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. పిలిస్తే పలకని బిడ్డకు వెంటనే వినికిడి పరీక్ష చేయించండి.