ఖాళీ గోడ – మిథిల చిత్రకళ



కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి ముందుగదిలోని పెద్ద గోడ ఒక సమస్య. క్యాలెండరు తగిలించినా వెలితి తీరదు. చిన్న చిన్న పటాలు వరుసగా బిగిస్తే అది దుకాణంలా కనబడుతుంది. అటువంటి గోడకు ఒక్క పెద్ద చిత్రఫలకమే నిండుదనం కలిగిస్తుంది. దానిని ఎవరిచేత వేయించాలన్నదే ఆలోచించదగిన విషయం.

గోడను చిత్రించడం మన దేశంలో సంపన్నులకే పరిమితమైన వేడుక కాదు. బీహారులోని మిథిలలో పెండ్లివారి ఇంట స్త్రీలు నూతన దంపతుల గది గోడలపై బొమ్మలు వేస్తారు. ఆ గదిని ‘కోహ్‌బర్ ఘర్’ అంటారు. మట్టిగోడను పేడతో అలికి, వెదురుపుల్లకు దూది చుట్టి, దానినే కుంచెగా వాడేవారు. తామరలు, వెదురు, చేపలు, చిలుకలు, తాబేళ్లు అన్నీ కొత్త జంట సంతానాన్ని, సౌభాగ్యాన్ని కోరేవే. తల్లి వద్ద కూతురు నేర్చుకున్న విద్య ఇది.

1934 జనవరి 15 నాటి భూకంపంలో ఇండ్లు కూలినప్పుడు, నష్టాన్ని పరిశీలించ వచ్చిన ఆంగ్లాధికారి డబ్ల్యు. జి. ఆర్చర్ పగిలిన గోడల లోపలివైపున ఈ చిత్రాలను చూశాడు. 1949లో ‘మార్గ్’ పత్రికలో వాటిపై వ్యాసం ప్రకటించాడు. ఒక కళ బయటివారి కంటపడటానికి ఇండ్లు కూలవలసి రావడం విచారకరమే. 1960ల ద్వితీయార్ధంలో కరవు వచ్చినప్పుడు అఖిల భారత హస్తకళల బోర్డు ప్రోత్సాహంతో భాస్కర్ కులకర్ణి ఆ గ్రామాల స్త్రీలకు కాగితం అందజేశాడు. గోడ మీది బొమ్మ ఆ విధంగా అమ్మకానికి వచ్చింది, కుటుంబాలకు కూడు పెట్టింది. జగదంబాదేవి 1975లో, సీతాదేవి 1981లో, గంగాదేవి 1984లో పద్మశ్రీ అందుకున్నారు.

గంగాదేవి 1991లో మరణించారు. ఢిల్లీలోని హస్తకళల మ్యూజియంలో ఆమె స్వయంగా చిత్రించిన కోహ్‌బర్ గది 2015 నాటికి లేకుండా పోయింది. పల్లెలో పాత బొమ్మ చెరిగితే మరో పెండ్లికి కొత్త బొమ్మ వేస్తారు. ఆమె చేతి గీత మాత్రం మళ్ళీ వచ్చేది కాదు.

కనుక ముందుగది గోడకు అచ్చు వేసిన నకలు కొనడం కంటె, బ్రతికి ఉన్న చిత్రకారిణికి పని ఇవ్వడం మేలు. సిమెంటు గోడకు చెమ్మ ఎక్కే ప్రమాదం ఉంది. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద వేయిస్తే బొమ్మ భద్రంగా ఉంటుంది, ఇల్లు మారినా వెంట వస్తుంది. రంగు నిండుగా నింపే ‘భర్నీ’ పద్ధతి దూరం నుంచి చూసే పెద్దగదికి తగును. సన్నని గీతల ‘కచ్నీ’ దగ్గరగా నిలిచి చూడవలసినది, నడవకు బాగుంటుంది. తెలంగాణలోని చేర్యాల నకాషీలు గుడ్డపై వేసే కథాపటాలు కూడా పొడవైన గోడకు చక్కగా అమరుతాయి.

గోడ కొలతలు ముందుగానే పంపి, బేరం తగ్గించి, గడువు పెంచి వేయించుకోవాలి. ఎండ నేరుగా పడే గోడను వదిలివేయాలి. చిత్రం అడుగున వేసినవారి పేరు, ఊరు తప్పక రాయించాలి.