తగ్గింపు ధర కడుతున్నదెవరు?



మాస్టారి స్మారకోపన్యాసం డిసెంబర్ 24న పెట్టడం సముచితంగా ఉంది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది ఈ రోజే. తూకంలో మోసం, నూనెలో కల్తీ, బిల్లు ఇవ్వని కొట్టు, వీటి మీద మాస్టారు ఆఖరిదాకా పోరాడారు. కొన్నవాడికి హక్కులుంటాయని మనకు నేర్పింది ఆయనే. కొన్నవాడికి బాధ్యత కూడా ఉంటుందని చెప్పడానికి నేను ఈ రోజు నిలబడ్డాను.

అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్, మర్నాడు తగ్గింపు ధరల బ్లాక్ ఫ్రైడే. అక్కణ్ణుంచి క్రిస్మస్ దాకా కొనుగోళ్ల కాలం. అక్కడున్న మన పిల్లలు కూడా టీవీ కొనాలన్నా, చలికోటు కొనాలన్నా ఆ రోజు కోసం ఆగుతారు. మనకిక్కడ దసరా, దీపావళి సేల్స్. ఎక్కడైనా పండగ తేదీ మారదు, సరుకు మాత్రం ఆలోపే దుకాణానికి చేరాలి. ఆలస్యమైతే విమానంలో పంపే ఖర్చు ఫ్యాక్టరీ యజమాని మీద పడుతుంది. ఆయన ఆ భారాన్ని కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయి మీదికి నెడతాడు.

2012లో బ్లాక్ ఫ్రైడే నవంబర్ 23న వచ్చింది. మర్నాడు సాయంత్రం ఢాకా శివార్లలోని తాజ్రీన్ ఫ్యాషన్స్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. అలారం మోగినా పని ఆపొద్దన్నారు. కిటికీలకు ఇనుప ఊచలు. 110 మందికి పైగా చనిపోయారు. ఐదు నెలలకు, 2013 ఏప్రిల్ 24న, అదే ఢాకా పక్కన సావర్‌లో ఎనిమిదంతస్తుల రానా ప్లాజా కూలింది. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను రావద్దంది. పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం రాకపోతే జీతం ఇవ్వబోమని బెదిరించి లోపలికి పంపారు. 1,134 మంది పోయారు. భవనం ఒక్కటే, బీటలు అందరూ చూసినవే. ఆర్డరు గడువు ఎవరి నెత్తిన ఉందో వాళ్లే చచ్చిపోయారు.

అలాగని బంగ్లాదేశ్ బట్ట కొనడం మానేస్తే ఆ ఆడవాళ్ల నోటి దగ్గర కూడు తీసేసినట్టే. మానడం కాదు, అడగడం కావాలి. రానా ప్లాజా తర్వాత కార్మిక సంఘాలు, కొనేవాళ్లు నిలదీస్తేనే పెద్ద కంపెనీలు చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం మీద సంతకాలు చేశాయి, ఫ్యాక్టరీల్లో తనిఖీలు మొదలయ్యాయి.

కొని విసిరేసిన బట్టల సంగతీ ఉంది. అవి ఘనాలో అక్రా నగరపు కంటమంటో సంతకూ, చిలీలో అటకామా ఎడారికీ చేరుతున్నాయి. పాలియెస్టర్ మట్టిలో కలవదు.

ఇక మన ఊరి సంగతి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు కట్లు కట్టి రంగులద్దిన తర్వాతే మగ్గానికి ఎక్కిస్తారు. అందుకే బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు వేసిన చీర వెనక్కి తిప్పితే సాధారణంగా రంగు వెలిసినట్టుంటుంది. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లోనే చట్టం చేశారు. అయినా పండగ రద్దీలో ప్రింటు చీర పోచంపల్లి పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. ఇంటిల్లిపాదీ నెలల తరబడి పడ్డ శ్రమకు రావలసిన డబ్బు ఆ నకలుకు పోతోంది.

ఏడాదికొకసారి పిల్లలకు కొత్తబట్ట తెచ్చే ఇంటికి నేను ఏ నీతీ చెప్పను. వాళ్లు చవకగా దొరికింది కొనుక్కోవాల్సిందే. నా మాట బీరువా నిండిన మనకోసం.

సంక్రాంతి మూడు వారాల్లో ఉంది. దుకాణానికి వెళ్లినప్పుడు చీర తిరగేసి చూడండి. హ్యాండ్లూమ్ మార్క్ ఉందా అని అడగండి. బిల్లు మీద చేనేత అని రాయించుకోండి. రాయనంటే ఆ చీర అక్కడే వదిలేయండి. చేనేత అని రాసిచ్చి నకలు అంటగడితే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదు రాయడానికి మన వినియోగదారుల సంఘం తోడుంటుంది.