మార్గరెట్టూ ముత్యాలమ్మా



జూన్ నెల వచ్చిందంటే మా బడిలో కొత్త హాజరు పట్టీ తెరుస్తాం. మాది రాజపాళయం పక్కన చోళపురం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళమూ ఇంగ్లీషూ. ఈ మూడింటి మధ్యన పెరిగిన మాలాంటి వాళ్ళకు ఒక తరగతి పట్టీ చదవడమంటే చిన్న దేశాటన చేసి రావడమే. ముత్తమ్మాళ్, మార్గరెట్, ఆండాళ్, మారియమ్మాళ్, సవరియమ్మాళ్, జక్కమ్మాళ్, రీటా. ఒక్కో పేరూ పిలుస్తుంటే ఒక్కో పిల్ల లేచి "ఉళ్ళేన్ టీచర్" అంటుంది. ఈ పేర్లు ఎక్కడెక్కడి నుంచి నడిచి వచ్చి ఈ బెంచీల మీద పక్కపక్కన కూర్చున్నాయా అని నాకు చాలా ఏళ్ళుగా ఆశ్చర్యం. ముఖ్యంగా ఐరోపా నుంచి వచ్చిన ఆడపిల్లల పేర్లు. వాటి గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు ముత్తమ్మాళ్, మార్గరెట్ల సంగతి. ఒకే బెంచీ మీద కూర్చునే ఈ ఇద్దరిదీ ఒకే పేరంటే వాళ్ళే నమ్మలేదు. గ్రీకు భాషలో మార్గరీతేస్ అంటే ముత్యం. ఆ మాట గ్రీకులోకి ఇరాను వైపు భాషల నుంచి వచ్చిందని పండితులు అంటారు. గ్రీకు నుంచి లాటినుకు, లాటిను నుంచి ఐరోపా అంతటికీ పాకింది. ఫ్రెంచివాళ్ళు మార్గరీత్ అన్నారు, స్పెయినువాళ్ళు మార్గరీటా అన్నారు, పోలండువాళ్ళ నోట్లో మావ్గొజాటా అయింది. జర్మనులు తల కోసేసి తోక మిగుల్చుకుని గ్రేటె అనీ, ముద్దుకు గ్రెట్చెన్ అనీ పిలిచారు. ఇంగ్లీషువాళ్ళు మెగ్, మ్యాగీ అని, అక్కడితో ఆగక పెగ్గీ అని కూడా అన్నారు. ఇటలీలో మార్గరీటాకు చివరి రెండక్షరాలు మాత్రం మిగిలితే రీటా. కాబట్టి మా తరగతిలో ముత్తమ్మాళ్, మార్గరెట్, రీటా ముగ్గురూ ముత్యాలమ్మలే. తూత్తుకుడి ముత్యాల రేవు మాకు ఎంతో దూరం లేదు. ముత్యం పేరు ఏ దిక్కు నుంచి వచ్చినా మా వైపు పరాయిది కాదు.

ఇలా జతలు కలుపుకుంటూ పోతే భలే సరదాగా ఉంటుంది. లూసీ అంటే లాటినులో వెలుగు, మన జ్యోతి. ఐరీన్ అంటే గ్రీకులో శాంతి. సోఫియా అంటే జ్ఞానం, మన జ్ఞానమ్మ. డోరతీ అన్నా థియొడోరా అన్నా దేవుడిచ్చినదని అర్థం, రెండు ముక్కలూ అటూ ఇటూ మార్చారంతే. దెబోరా అంటే హీబ్రూలో తేనెటీగ. గ్రీకువాళ్ళు అదే తేనెటీగను మెలిస్సా అన్నారు. ఆడపిల్లకు ఈగ పేరేమిటని నవ్వేవాళ్ళు శ్రీశైలంలో కొలువైన భ్రమరాంబను ఒక్కసారి తలచుకోవాలి. సుసన్న అంటే హీబ్రూలో లిల్లీ జాతి పువ్వు. ఆ మాటకు మూలం ప్రాచీన ఈజిప్టు భాషలో తామరపువ్వు అని చెబుతారు. అలాగైతే కోస్తా పల్లెల్లో సుసన్నమ్మ మన పద్మావతికి చెల్లెలు, అలర్ మేల్ మంగైకి, అంటే పువ్వు మీది మగువ అయిన మన అలమేలుకు మేనకోడలు!

మాకు కూతవేటులో శ్రీవిల్లిపుత్తూరు. మా అవ్వ పేరు ఆండాళు. ఆండాళ్ అంటే ఏలిన తల్లి. ఆమెకే గోద అనీ పేరు. తమిళంలో కోదై అంటే పూలదండ. ఐరోపాలో స్టెఫనీ అనే పేరుంది. గ్రీకులో స్టెఫనోస్ అంటే తలకు చుట్టే పూదండ, కిరీటం. ఏలిన తల్లికి జోడీ కావాలంటే మార్త ఉంది. అరమాయిక్ భాషలో ఆ మాటకు ఇంటి యజమానురాలు అని అర్థం. శారా అంటే రాచకూతురు. పాళయంకోట్టైలో సారా టక్కర్ కాలేజీ పేరు విన్నవాళ్ళు చాలామందే ఉంటారు. పక్కనే తిరునెల్వేలిలో రాణి అన్నా ప్రభుత్వ మహిళా కళాశాల. ఒకటి రాకుమారి పేరు, ఒకటి రాణి పేరు. రెండు చోట్లా చదివేది మా పల్లెల పిల్లలు.

అన్ని పేర్లకూ ఇంత అందమైన అర్థం ఉంటుందనుకోకండి. సెసీలియా అనే పేరుకు మూలమైన లాటిను మాటకు గుడ్డి అని అర్థం చెబుతారు. క్లాడియాకు మూలం కుంటి. బార్బరా అంటే పరదేశపు మనిషి, భాష తెలియనిది. మన సంస్కృతంలోని బర్బర శబ్దం దానికి చుట్టమే. పెట్టేవాళ్ళు ఇవేవీ చూసి పెట్టరు. చూసి పెడితే ఒక్కరూ పెట్టరు.

రోమను ఆడవాళ్ళ సంగతి మరీ చిత్రం. పేరుమోసిన రోమను కుటుంబాల్లో ఆడపిల్లకు తనకంటూ వేరే పేరే ఉండేది కాదు. వంశం పేరు చివర అకారం తగిలిస్తే అదే పేరు. జూలియస్ వంశంలో పుడితే జూలియా, కార్నీలియస్ వంశంలో పుడితే కార్నీలియా. జూలియస్ సీజరు మేనత్త జూలియా, ఇద్దరు అక్కచెల్లెళ్ళూ జూలియాలే, కూతురూ జూలియానే. పిలవగానే ఎవరు పలికేవారో! కలగాపులగం కాకుండా పెద్దది, చిన్నది అనో, ఒకటి, రెండు, మూడు అనో చెప్పుకునేవారు. మూడో అమ్మాయి తెర్షియా. అంటే మూడోది, అంతే. మన ఇళ్ళలో పెద్దమ్మి, నడిపమ్మి, చిన్నమ్మి అన్నట్టు. కానీ మనకు అది ఇంట్లో పిలుపు, వాళ్ళకు అదే అసలు పేరు.

ఆ జూలియా పేరు మన తెలుగుదేశానికీ వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జ్యూయెట్ దొర దంపతులతో కలిసి ప్రార్థన చేసినవారిలో ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు ఉన్నారు. ఒకరు జూలియా, ఇంకొకరు రూతు. సీజరు మేనత్త పేరు నెల్లూరు మిషను తెలుగుబిడ్డకు ఎలా అతికిందో చూడండి. అయితే మన పల్లెలు ఏ పేరునూ ఉన్నదున్నట్టు ఉంచవు. అమ్మను చేర్చనిదే మనకు నోరు తిరగదు. రూతు రూతమ్మ అయింది, మార్త మార్తమ్మ, రాహేలు రాహేలమ్మ, ఎలిజబెత్తు ఎలీశమ్మ. హీబ్రూలో దీనా అంటే న్యాయం పొందినది. తెలుగు చెవికి దీనమ్మ అంటే పాపం దీనురాలని వినిపిస్తుంది. న్యాయం పొందిన పిల్ల మన దగ్గరకు వచ్చి దీనురాలైపోయింది.

పేరును మార్చకుండా మోసుకొచ్చినవాళ్ళు ఒక రకమైతే, అర్థాన్ని అనువదించినవాళ్ళు ఇంకో రకం. వీరమామునివర్ అనిపించుకున్న ఇటలీ దేశపు బెస్కీ మా పక్క కోవిల్‌పట్టి దగ్గరి కామనాయక్కన్‌పట్టిలో కూడా పనిచేశాడు. ఆయన జోసఫ్ అన్న పేరుకు హీబ్రూలో వృద్ధి అని అర్థం ఉందని వళన్ అన్నాడు. పాల్ అంటే లాటినులో చిన్న. అందుకే తమిళ క్రైస్తవుల్లో పాల్ గారు చిన్నప్పర్ అయ్యారు. గుంటూరు వైపు రెడ్ల ఇళ్ళలో చిన్నప్పరెడ్డి అన్న పేరు వింటే అది ఆ పాల్ గారి పేరే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు సవరియమ్మాళ్. గుంటూరు జిల్లాలో శౌరమ్మ అంటారు. వినడానికి ఎంత తెలుగో చూడండి. శౌరి అంటే కృష్ణుడు కూడాను. నిజానికి ఈ పేరు 1542లో మన ముత్యాల రేవు తీరానికి వచ్చిన ఫ్రాన్సిస్ జేవియరుది. జేవియర్ అన్నది ఆయన పుట్టిన కోట పేరు. స్పెయిను ఉత్తరాన బాస్కు అనే భాష ఉంది. అది ఐరోపాలో ఏ భాషకూ చుట్టం కాదు. ఆ భాషలో ఎచే బెర్రి అంటే కొత్త ఇల్లు. అది నలిగి నలిగి జేవియర్ అయింది, తమిళంలో సవేరియార్ అయింది, సవరి అయింది, చివరకు అమ్మాళ్ చేరింది. మా బడిలో ఒక సవరియమ్మాళ్ ఉండేది. వాళ్ళది తాటాకుల ఇల్లు, ప్రతి వానాకాలం కారేది. నీ పేరుకు కొత్తిల్లని అర్థం అమ్మీ అని చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

పాళయంకోట్టైలో ఇంకో పేరు కథ ఉంది. తంజావూరు బ్రాహ్మణ వితంతువు ఒకామె ఒక ఇంగ్లీషు సైనికాధికారి ఆశ్రయంలో బ్రతికింది. క్రైస్తవం పుచ్చుకుంటానని అడిగితే వాళ్ళిద్దరిదీ పెళ్ళి కాదని ష్వార్ట్జ్ పాదిరీ మొదట ఒప్పుకోలేదు. ఆ అధికారి పోయాక 1778లో ఆమెకు జ్ఞానస్నానం ఇచ్చి క్లారిండా అని పేరు పెట్టారు. క్లారా అంటే వెలుగైనది. ఇండా అన్న తోక కవులు చేర్చినది. స్పెన్సర్ అనే ఇంగ్లీషు కవి 1596 నాటి కావ్యంలో ఈ పేరు గల పాత్ర ఉంది. ఆమె తన డబ్బుతో కట్టించిన గుడి 1785లో ప్రతిష్ఠ అయింది. ఊరి జనం మాత్రం దాన్ని క్లారిండా గుడి అనలేదు, పాప్పాత్తి అమ్మాళ్ కోవిల్ అన్నారు. అంటే బ్రాహ్మణమ్మ గుడి. మతం మారింది, పేరు మారింది, ఊరి నోట్లో మాత్రం పాత గుర్తే నిలిచింది.

ఇక మేరీ. మేరీ, మరియా, మారీ, వేల్సులో మైర్, ఐర్లండులో మోయిరా, రష్యాలో ముద్దుకు మాషా. అన్నిటికీ మూలం హీబ్రూ మిర్యాం. దాని అర్థం మీద పండితులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. చేదు అని కొందరు, ఎదురుతిరిగినది అని కొందరు, ఈజిప్టు భాషలో ప్రియమైనది అని కొందరు. మా వైపు ఆ పేరు మరియమ్మాళ్ అయింది. మరి మారియమ్మాళ్ ఎవరంటే, సాత్తూరు దగ్గర ఇరుక్కన్‌గుడి మారియమ్మ పేరు పెట్టుకున్న పిల్ల. తమిళంలో మారి అంటే వాన. ఒకటి పాలస్తీనా నుంచి వచ్చింది, ఒకటి వాన మబ్బులోంచి దిగింది. రాతలో తేడా ఒక్క దీర్ఘం. ఇంగ్లీషులో రాస్తే అదీ ఉండదు.

ఆ దీర్ఘంతో నేను చేసిన పొరపాటు ఇప్పటికీ మరచిపోలేదు. బి.ఇడి. ముగించి ఉద్యోగంలో చేరిన కొత్త. చేర్పింపుల రోజు, బయట వరసగా తల్లులు. ఒక తల్లి కూతురి పేరు మారియమ్మాళ్ అని చెప్పింది. నేను తొందరలో దీర్ఘం ఎగరగొట్టి మరియమ్మాళ్ అని రాశాను. ఆ రాతే ఏటేటా తరగతి నుంచి తరగతికి నడిచి పదో తరగతి మార్కుల పత్రం దాకా వెళ్ళింది. ఆ పిల్లది షెడ్యూల్డు కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఆ కులాల జాబితాలో చోటు లేదు. కులధ్రువపత్రం కోసం వెళితే, అక్కడి గుమాస్తా పేరు చూసి, మీరు వేదంలో చేరినవాళ్ళా అని అడిగాడట. తల్లి కాదని ప్రమాణం చేసింది. కాగితంలో అలా ఉందే అన్నాడు. తప్పు అతనిది కాదు, కాగితానిది. కాగితం మీద చెయ్యి నాది. తల్లీకూతుళ్ళు ఎన్ని పనిదినాల కూలి పోగొట్టుకుని తిరిగారో నాకు తర్వాత తెలిసింది. నేను తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చాను, ప్రధానోపాధ్యాయులు సంతకం చేశారు, పేరు సరిపడింది. కానీ అప్పటికి హాస్టలు చేర్పింపులు ముగిసిపోయాయి. ఆ పిల్ల ఒక ఏడాది పత్తి మిల్లుకు వెళ్ళి, మరుసటి ఏడు చదువులో చేరింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అప్పటి నుంచి చేర్పింపుల రోజు తల్లి చెప్పిన పేరు రాశాక, పిల్లచేత మళ్ళీ చెప్పించుకుని, రాసింది పైకి చదివి వినిపిస్తాను. తెలుగు ఇళ్ళ పిల్లలైతే ఇంకో తంటా. తమిళ లిపిలో భ, ద, గలకు వేరే అక్షరాలు లేవు. భ్రమరాంబ ఒక రకంగా లోపలికి వెళ్ళి ఇంకో రకంగా బయటికి వస్తుంది. గోద ఎలాగూ కోదై అవుతుంది, అది మాత్రం అసలు పేరే కనుక సంతోషం.

చివరగా ఒక పేరు. ఇది ఐరోపాది కాదు, మా వైపుది. ఆడపిల్లల మీద ఆడపిల్లలు పుడితే, ఇక చాలు తల్లీ అని పోదుంపొన్ను అని పేరు పెడతారు. ఇంకొందరు వేండాం అనే పెడతారు, అంటే వద్దు అని. రోమువాళ్ళు మూడోది అని ఊరుకున్నారు, మనవాళ్ళు పిల్ల మొహం మీదే వద్దన్నారు. అలాంటి పేరున్న పిల్ల ఒకతె తొమ్మిదో తరగతిలో నా చుట్టూ తిరిగేది. టీచర్, ఆ పేరుకేం అర్థం, ఈ పేరుకేం అర్థం అని రోజూ అడిగేది. నేను లూసీ, సోఫియా, డోరతీ అని చెప్పుకుంటూ పోయేదాన్ని. ఎందుకడుగుతోందో చాలా రోజులు నాకు తట్టలేదు. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే ముందు వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన తల దించుకుని, పేరు మార్చాలంటే ఏం చెయ్యాలమ్మా అన్నాడు. ఏ కాగితాలు కావాలో, గెజిట్టులో ఎలా వేయించాలో చెప్పాను. ఏం పేరు పెట్టుకుంటావమ్మీ అని అడిగాను. ఐరోపా పేర్లన్నీ విన్న పిల్ల కదా, ఏ స్టెఫనీయో అంటుందనుకున్నాను. మా అవ్వ పేరు టీచర్, ఆండాళ్ అంది. మా అవ్వ పేరు కూడా అదేనని నేనప్పుడు చెప్పలేదు. గెజిట్టు వచ్చేలోపలే ఆ పిల్ల నోటుపుస్తకం వెనక అట్ట మీద, తమిళంలో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస, కొత్త పేరుతో సంతకాలు నింపేసింది.