చిన్న పొలమునకు పన్ను నమోదు వలయునా?

(ప్రసంగ పాఠము)



రాయపూరు అంచున నున్న భన్‌పురి కర్మాగారముల పేట. అయినను ఛత్తీస్‌గఢ సీమ ధాన్యపు గిన్నె యని పేరొందినది. ఇచ్చట కొలువు చేయు తెలుగు కుటుంబములలో ఈ సీమయందో స్వగ్రామమందో కొంత పొలము గలవారు కలరు. పంట అమ్మినచో వస్తు సేవల పన్ను క్రింద నమోదు కావలయునా యను సందేహము వారికి కలుగుట సహజము.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1939లో మదరాసు రాజధానిలో అమ్మకపు పన్ను చట్టము వచ్చినప్పుడే, రైతు తాను పండించినది అమ్మగా వచ్చిన సొమ్మును వ్యాపారపు లెక్కలో చేర్చరాదని నిర్ణయించిరి. 2017 జూలై 1న అమలులోనికి వచ్చిన నేటి చట్టమును ఆ నీతినే పాటించినది. దాని 23వ సెక్షను ప్రకారము, సాగుచేసి పండించిన పంటను అమ్ము రైతు నమోదు కానక్కరలేదు. స్వయముగ దున్నినను, ఇంటివారిచే చేయించినను, తన పర్యవేక్షణలో కూలీలచే చేయించినను అతడు రైతే. అయితే వ్యక్తికి, అవిభక్త హిందూ కుటుంబమునకు మాత్రమే ఈ పేరు చెల్లును. భాగస్వామ్య సంస్థకు చెల్లదు.

కావున పొలము చిన్నదా పెద్దదా యనుట ప్రశ్న కాదు. అంగడికి పోవునది పంటయా, తయారు సరకా యనుటయే ప్రశ్న. మామిడికాయ పంట, ఆవకాయ సరకు. ధాన్యము పంట, 25 కిలోలకు మించని సంచులలో ముందుగ నింపి చీటీ యంటించి అమ్ము బియ్యముపై 2022 జూలై 18 నుండి 5 శాతము పన్ను కలదు.

సరకులు మాత్రమే అమ్మువారికి ఛత్తీస్‌గఢ్‌లోను, ఆంధ్రప్రదేశ్‌లోను ఏటి అమ్మకము 40 లక్షల రూపాయలు దాటువరకు నమోదు అక్కరలేదు; తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలు. పన్ను లేని సరకుల విలువయు ఆ మొత్తమున చేరునని మరువరాదు.

అన్నింటికంటె పొలిమేర ముఖ్యము. భన్‌పురిలో పెట్టిన ఆవకాయను విశాఖపట్టణమున కొనువారికి పంపినచో అది రాష్ట్రాంతర విక్రయము. అమ్మునది ఒక్క జాడీ యైనను నమోదు తప్పదు. మేనత్తకు ప్రేమతో పంపు జాడీకి ఈ బాధ లేదు. వెల పుచ్చుకొననిది అమ్మకము కాదు.

అవసరము లేకున్నను కోరి నమోదగుటకు చట్టము అనుమతించును. అప్పుడు సీసాలపై కట్టిన పన్ను ఆవకాయ పన్నులో సర్దుబాటగును. పెద్ద వర్తకులును కొనుటకు ఇష్టపడుదురు. కాని అమ్మకము లేని కాలమునకు సైతము లెక్క దాఖలు చేయవలయును. ఆలస్యమైనచో శూన్యపు లెక్కకే దినమునకు 20 రూపాయల చొప్పున, 500 వరకు రుసుము పడును. పన్ను లేని పంటకై కొన్న పనిముట్ల పన్ను తిరిగి రాదు.

ఉద్యోగులకు మరియొక జాగ్రత్త. 1964 నాటి కేంద్రోద్యోగుల ప్రవర్తనా నియమావళిలోని 15వ నియమము ప్రకారము, ముందుగ అనుమతి పొందక ఉద్యోగి వ్యాపారము చేయరాదు. ఇంటివారు చేయుచున్నచో ప్రభుత్వమునకు తెలుపవలయును.

నిర్ణయమునకు ఒక నోటు పుస్తకము చాలును. మొదటి పుటలో పండించి అమ్మినది, రెండవ పుటలో తయారుచేసి అమ్మినది, మూడవ పుటలో పొలిమేర దాటించి అమ్మదలచిన తయారు సరకు వ్రాయవలెను. మొదటిది మాత్రమే నిండినచో రైతు నిశ్చింతగ నుండవచ్చును. రెండవది నిండుచున్నచో హద్దు చూచుకొనవలెను. మూడవదానియందు మొదటి పంక్తి వ్రాయక మునుపే నమోదు కావలెను. పన్నుకు వెరచి వంటయిల్లు మూయనక్కరలేదు. గొప్పకై నమోదు సంఖ్య తెచ్చుకొననక్కరలేదు.