రైలు విడిచిన కట్టపై ప్రజల బాట



ఊరి డొంకను ఇరుప్రక్కల రైతులు ఏటికొక జానెడు చొప్పున దున్నుకొనగా, తుదకు బండి మరలుటకైన తావు లేకపోవుట మీలో చూడనివారుండరు. అందుచేతనే నేడు దూరదేశపు బాట నొకదానిని గూర్చి చెప్పదలచితిమి.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు ఆగ్నేయ భాగమున రూట్ అను నది తూర్పుగా పారి మిసిసిపీలో కలియుచున్నది. మా తమ్ముడు ఆ రాష్ట్రమున ఉద్యోగము చేయుచుండుటచే, సెలవులలో అచటికి పోయినపుడు రెండు దినములు ఆ నదివెంట సైకిలుపై తిరిగితిమి.

ఆ లోయలో 1860ల దశకమున రైలుమార్గము వచ్చినది. రైతుల ధాన్యము చాలకాలము దానిమీదనే పోయెడిది. లారీలు పెరిగినకొలది రైలుకు సరకు తగ్గినది. సుమారు 1980 నాటికి కంపెనీ ఆ మార్గమును విడిచిపెట్టినది. మిగిలినది సన్నని, పొడవైన నేలపట్టీ. అది ఎవరికి చెందవలెను? తమ పొలములలో కలియవలెనని ప్రక్క రైతులలో పలువురు కోరిరి. పట్నవాసులు వచ్చి చేలు త్రొక్కుదురనియు, చెత్త పారవేయుదురనియు భయపడిరి. ఆ భయమును తేలికగా త్రోసివేయరాదు. మన చేని గట్టున రేపటినుండి ముక్కుమొగ మెరుగనివారు నడతురన్న మనమును అట్లే అందుము. అయినను రాష్ట్ర సహజవనరుల శాఖ ఆ పట్టీని తునకలు కానీయక సేకరించి, దానిపై తారుబాట వేసినది.

నేడు ఆ బాట ఫౌంటెన్ నుండి హ్యూస్టన్ వరకు 42 మైళ్ళు, అనగా సుమారు 68 కిలోమీటర్లు. కార్లకు, మోటారు సైకిళ్ళకు ప్రవేశము లేదు. రైలు నిటారు ఎక్కుడులు ఎక్కలేదు గనుక నాటి ఇంజనీర్లు నదిని వదలక కట్ట పోసిరి. ఆ మేలు ఇప్పుడు వృద్ధులకు, పిల్లలకు, చక్రముల కుర్చీలో వచ్చువారికి దక్కినది. పాత రైలు వంతెనలమీదుగానే నదిని పలుమార్లు దాటుదుము. ఒకవైపు సున్నపురాతి కొండలు, మరొకవైపు నీరు. ఫౌంటెన్ చేరువలో మాత్రము ఎక్కుడు కలదు. అచట మేము దిగి సైకిలు నడిపించుకొంటిమని ఒప్పుకొనక తప్పదు!

లేన్స్‌బరో అను ఊరి జనాభా ఎనిమిది వందలకు లోపు. మన వైపు అది చిన్న పల్లె. అయినను అచట సైకిళ్ళు అద్దెకిచ్చు అంగళ్ళు, బాటసారుల బసలు, ఒక నాటకశాలయు కలవు. వ్యాపారమంతయు వేసవిదే, చలికాలమున మంచు కప్పును. దీనిని చూచి ప్రతి ఊరును యాత్రాస్థలమగునని మేము చెప్పబోము.

మాకు మిక్కిలి నచ్చినది వేలన్ అను పల్లె. జనము సుమారు అరువదిమంది. ఊరేగింపు సాగుటకు చాలినంత వీధి లేకపోగా, 1995లో వారొక ఉపాయము కనిపెట్టిరి: ఊరేగింపు కదలక నిలుచును, చూడవచ్చినవారే దానిచుట్టు తిరుగుదురు!

నదీతీరపు బాటకు నదివలన బాధయు కలదు. 2007 ఆగస్టులో ఆ ప్రాంతమున కుండపోతగా వాన కురిసి, బాటపైనున్న రష్‌ఫోర్డ్ పట్టణము వరదపాలైనది. సమీపమున హోకా వద్ద ఒక్క దినమున 15 అంగుళములకు పైగా వర్షము నమోదైనది. కనుక ఇట్టి బాట వేయదలచినవారు మరమ్మతు సొమ్మును కూడ మొదటనే లెక్కలో చేర్చుకొనవలెను.

తిరుగుదారిలో బాట అంచుల వెంబడి మొక్కజొన్న చేలను శ్రద్ధగా గమనించితిమి. పైరు బాట పొడవున ఏపుగా పెరిగియున్నది. మేము చూచినంతమేర ఒక్క సాలైనను కట్ట లోపలికి రాలేదు.