కాయసాక్ష్యము - కళాసాధన



ఏ నాట్యాచార్యుని స్మృత్యర్థము మీరు ఏటేట ఈ సభ జరుపుచున్నారో, ఆయన గుణగణములను నాకంటె బాగుగ ఎఱిగిన శిష్యులు మీలోనే కలరు గనుక, ఆ ప్రశంసను వారికే విడిచి, ఆయన జీవితమంతయు శిష్యులకు ఏది కఱపవలెనని శ్రమించెనో దానిని గుఱించియే మాటలాడుదును. కళాకారుడు తన దేహమును తాను ఎంతవఱకు ఎఱుగును? ఎఱిగినట్లు తలచుట వేఱు, ఎఱుగుట వేఱు. ఈ రెంటి నడుమనున్న ఎడమును కనుగొన్ననాడే సాధన మొదలగునని నా తలంపు.

ఇందుకు దూరదేశపు దృష్టాంతమొకటి చెప్పెదను. ఎఫ్. ఎమ్. అలెగ్జాండర్ అనునతడు 1869లో ఆస్ట్రేలియాకు దక్షిణమున నున్న టాస్మానియా ద్వీపమున జన్మించి, షేక్‌స్పియరు నాటకభాగములను సభలలో పఠించుట వృత్తిగా గైకొనెను. కొంతకాలమునకు పఠించుచుండగనే గొంతు బొంగురుపోజొచ్చెను. వైద్యులు విశ్రాంతి చెప్పిరి. విశ్రాంతి తీసికొన్నంతకాలము గొంతు బాగుగనే యుండును, వేదిక యెక్కగానే మరల మొదటికి వచ్చును. పఠించునపుడు తానే ఏదియో చేయుచుండబట్టి ఇట్లగుచున్నదని ఊహించి, అద్దము ముందు నిలిచి పరికింపగా, తల వెనుకకు లాగికొనుటయు, గొంతును క్రిందికి అదుముటయు, చప్పుడగునట్లు నోటితో గాలి పీల్చుటయు కానవచ్చెను. ఇంతవఱకు విశేషమేమియు లేదు. తప్పు తెలిసినది గదా యని తలను ముందునకు ఉంచబోయెను. ఉంచితిననియే అతనికి తోచెను. కాని ఇరుప్రక్కల మఱి రెండద్దములు అమర్చి చూడగా, తల ఎప్పటివలె వెనుకకే పోవుచుండెను! చిరకాలపు అలవాటు దేహానుభూతినే చెఱచుననియు, చెడిన అనుభూతి తప్పును ఒప్పుగా చెప్పుననియు 1932లో వెలువడిన ‘ది యూజ్ ఆఫ్ ది సెల్ఫ్’ అను గ్రంథమున అతడు వ్రాసెను. కన్నులు మూసికొని లోపలికి చూడుమని బోధించువారందఱు ముందుగ చదువవలసిన కథ ఇది. దేహము సాక్షియే, కాని అడ్డుప్రశ్నలు వేయనిదే దాని సాక్ష్యము చెల్లదు.

మన నాట్యశాలలలో ఆ అడ్డుప్రశ్నలు వేయునది గురువు చేతిలోని తట్టుకఱ్ఱ. మోకాళ్ళు వంచి సగము కూర్చున్నట్లుండు అరమండిలో నిలిచిన క్రొత్త శిష్యురాలిని చూడుడు. మోకాళ్ళు ప్రక్కలకు బాగుగ విచ్చుకొన్నవనియు, వెన్ను నిటారుగ నున్నదనియు ఆమెకు దృఢవిశ్వాసము. చూచువారికి మోకాళ్ళు ముందునకు వ్రాలి, నడుము వెనుకకు పొడుచుకొని కనబడును. గురువు తట్టుట మాని, కఱ్ఱ కొనను నడుమునకు ఆనించి ఊరకుండును. ఆ చిన్న స్పర్శతో వెన్ను తనంతట తాను సర్దుకొనును; సర్దుకొన్నవెంటనే శిష్యురాలికి తాను వంకరగ నిలిచినట్లు తోచును! ఆ వంకరయే సరియైన నిలుకడ యని ఆమె దేహము ఒప్పుకొనుటకు నెలలు పట్టును. 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యముగారి శిక్షణలో అంగశుద్ధికి అంతటి ప్రాధాన్యము కలుగుట కారణము లేక కాదు.

ఇపుడు గోడ పొడవున అద్దములు వచ్చినవి. వాని ఉపయోగమును కాదనను. అలెగ్జాండరును రక్షించినవి అవియే. కాని అతడు అద్దములో తప్పును వెదకెను, మన పిల్లలు అందమును వెదకుచున్నారు. నందికేశ్వరుని అభినయదర్పణములో హస్తము మొదలుకొని రసము వఱకు గల క్రమమును చెప్పిన శ్లోకము నర్తకులందఱికి కంఠస్థము. ఆ క్రమము మనస్సుతోగాక చేతితో మొదలగుచున్నదని గమనించువారు తక్కువ. చేతిని వెంబడింపవలసిన చూపు అద్దమును వెంబడించినచో ఆ వరుస తొలిమెట్టుననే తెగిపోవును.

అద్దము అక్కఱలేని సాధనకు కూచిపూడివారి తరంగమును చూడుడు. నారాయణతీర్థుల కృష్ణలీలాతరంగిణిలోని కీర్తనకు నర్తకి ఇత్తడి పళ్ళెపు అంచుపై పాదములూని ఆడును; తలపై నీళ్ళచెంబు నిలుపుటయు కలదు. సభ చప్పట్లు కొట్టునది ఇచ్చటనే; గారడిని మెచ్చినట్లు మెచ్చుచున్నారే యని నాకు మాత్రము ఒకింత చిన్నతనముగ నుండును. పళ్ళెము కాలితో నెట్టిన కదలదు. అంచు అరికాలి వంపున ఇమిడియుండగా, దేహభారమును ఒక పాదమునకు ఒరగనిచ్చి, తేలికపడిన రెండవ ప్రక్కను ముందునకు త్రిప్పినచో అది కొంచెము జరుగును, మరల ఆవలి ప్రక్క, ఇట్లది నడచును. భారము ఒకింత తప్పినను అంచు అరికాలిని గ్రుచ్చును, లేదా పళ్ళెము తూలును. అదే సమయమున గజ్జె తాళము తప్పరాదు, మోమున బాలకృష్ణుడు చెదరరాదు. కండరములయందును కీళ్ళయందును ఉండి అవయవముల స్థితిని మెదడునకు తెలుపు ఇంద్రియశక్తిని ఆంగ్లశాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ 1906 నాటి తన గ్రంథమున విపులముగ వర్ణించెను. ఆ శక్తిని మేల్కొలుపు ఉపాయము మనకు పళ్ళెము రూపమున లభించినది.

శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారునిదియు ఇట్టి విద్యయే. వెదురుకలమునకు చుట్టిన గుడ్డచుట్టలో, బెల్లమును ఇనుపముక్కలను ఊఱవేసి తీసిన నల్లరంగు నిలిచియుండును. దానిని వ్రేళ్ళతో ఎంత నొక్కిన అంత దిగును. గీత సన్నమగుటయు లావగుటయు ఆ నొక్కుడులో నున్నది. బట్టపై పడినది చెఱిపివేయ వీలులేదు.

ఇంత శిక్షణయు దేనికని అడుగవచ్చును. స్తంభము, స్వేదము, రోమాంచము మొదలుగాగల సాత్త్వికభావములు ఎనిమిదియు దేహమున పుట్టునవే. అయినను అవి సమాహితమైన మనస్సునుండి కలుగునని భరతుడు చెప్పెను. పాదము ఎచ్చట పడునో అను చింత తీఱనిదే ఆ సమాధానము నర్తకునికి చిక్కదు. కూచిపూడి అగ్రహారమున 1935లో జన్మించి 1970లో పద్మశ్రీ నందుకొన్న వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషమున చూపిన ఘనత ఇదియే. పురుషుడు స్త్రీ నడకను పైపైన అనుకరించినచో నవ్వు వచ్చును. భుజముల బిగువు ఎచ్చట సడలవలెనో, తుంటి ఏ పాదముపై ఒరగవలెనో ముందు దేహమునకు తెలిసినగాని భామ అహంకారము కంటికి ఎక్కదు. సత్యభామ కథయైన భామాకలాపమున ఆమె తెరవెనుకనుండి తెరమీదుగ వేయు జడ వట్టి అలంకారము కాదు. నగలతో బరువెక్కిన ఆ జడ వేషధారి మెడను వెనుకకు లాగుచుండును, దానికి లొంగక తల నిలుపుటలోనే భామ గర్వము సగము వచ్చును.

నృత్యశాలలు నడుపువారికి నాదొక చిన్న మనవి. వారమునకు ఒక దినమైనను అద్దములకు తెర వేయుడు. తరంగమునకు పళ్ళెము ఇచ్చుటకు ముందు, శిష్యురాలు వట్టినేలపై కన్నులు మూసికొని మూడు కాలములలోను, అనగా మూడు వేగములలోను, అడుగు నిలుపగలదేమో చూడుడు. తలిదండ్రులు తొందరపెట్టుదురు, వారికి ఏమి చెప్పి పంపవలెనో నాకంటె మీకే బాగుగ తెలియును.